వాసాంసి జీర్ణాని: నాన్న పంచె, నా గుండు

వాసాంసి జీర్ణాని యథా విహాయ
నవాని గృహ్ణాతి నరోఽపరాణి
తథా శరీరాణి విహాయ జీర్ణా
న్యన్యాని సంయాతి నవాని దేహీ

గీత రెండో అధ్యాయం, 22వ శ్లోకం. పాతబడిన బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టే, దేహంలో ఉన్నవాడు శిథిలమైన శరీరాన్ని వదిలి కొత్త శరీరంలోకి వెళతాడని అర్థం. నాన్నగారిని మహేంద్రతనయ ఒడ్డుకు తీసుకెళ్తుంటే బండి మీద మైకులో ఇదే వినిపించింది. చిన్నప్పటినుంచీ విన్న శ్లోకమే. ఆ రోజు మాత్రం కోపం వచ్చింది. బట్ట మార్చుకున్నంత తేలికైతే మాకు ఈ ఏడుపెందుకు, ఈ పది రోజుల మైల ఎందుకు?

మాది పర్లాకిమిడి. నది అవతల పాతపట్నం ఆంధ్ర, ఇవతల మేము ఒడిశా. 1936లో కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. కర్మలు మాత్రం తాతల నాడు ఎలా జరిగాయో అలాగే జరుగుతున్నాయి. పదోరోజు పొద్దున్నే నది ఒడ్డున కూర్చోబెట్టారు. తల మీద నీళ్లు చల్లి కత్తి పెట్టాక, తడి జుట్టు ముద్దలు ముద్దలుగా ఒళ్లో పడింది. మీసం కూడా తీసేశారు. తిరుపతి మొక్కుకీ దీనికీ తేడా మనవాళ్లు అక్కడే పట్టేస్తారు. గుండుంది, మీసం ఉంది అంటే "కొండకెళ్లొచ్చారా?" అంటారు. మీసం కూడా లేదంటే మాట ఆగిపోతుంది.

పద్నాలుగో రోజు బరంపురంలో ఉద్యోగానికి వెళ్లాను. రోజంతా కౌంటర్లో కూర్చునే పని. మా పైఆఫీసరు చెడ్డమనిషి కాదు, కానీ నన్ను పక్కకు పిలిచి, "కస్టమర్లు వస్తుంటారు కదా, కొన్నాళ్లు టోపీ పెట్టుకోండి" అన్నారు. నేను ఏమీ అనలేదు. రెండు రోజులు టోపీ పెట్టుకున్నాను. ఆ రెండు రోజులూ నాన్నను ఎక్కడో దాచేసి వచ్చినట్టు అనిపించింది. జనం మామూలుగానే విసుక్కున్నారు, తొందరపెట్టారు. వాళ్ల తప్పేముంది? వాళ్లకు తెలియదు.

మూడోరోజు ఉక్కపోతకు తట్టుకోలేక టోపీ తీసి పక్కన పెట్టాను. వరసలో ముందున్న ఒక ముసలాయన కాగితాలు ఇవ్వబోయి ఆగాడు. నా తల చూశాడు, పైపెదవి చూశాడు. "బాపా నా మా?" అన్నాడు. నాన్నా, అమ్మా అని. "బాపా" అన్నాను. ఆయన కాగితాలు వెనక్కి తీసుకుని, "ధీరే ధీరే కర, ము బసిఛి" అని బెంచీ మీద కూర్చున్నాడు. నెమ్మదిగా చేసుకో, నేను కూర్చుంటాను అని. వెనక ఉన్నవాళ్లు కూడా గొంతు తగ్గించారు. ఆయన పేరు నాకు తెలియదు. పదమూడు రోజుల్లో చుట్టాలు చెప్పిన ఓదార్పులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ప్రశ్న ఒక ఎత్తు. టోపీ మళ్లీ పెట్టుకోలేదు. పైఆఫీసరు కూడా మళ్లీ అడగలేదు.

ఆ రాత్రి పూరి గుర్తొచ్చింది. 2015లో జగన్నాథుడికి నవకళేబరం జరిగింది. అంతకుముందు 1996లో, దానికి ముందు 1977లో. అధిక ఆషాఢం వచ్చిన ఏడు కొత్త వేపదారువుతో మూర్తులు చెక్కి, అర్ధరాత్రి కళ్లకు గంతలు కట్టుకుని, స్వామి ప్రాణంగా భావించే బ్రహ్మపదార్థాన్ని పాత మూర్తిలోంచి కొత్త మూర్తిలోకి మారుస్తారు. పాత మూర్తుల్ని గుడి ఆవరణలోనే కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేస్తారు. అంటే "వాసాంసి జీర్ణాని" శ్లోకాన్ని స్వామి తనమీదే జరిపించుకుని చూపిస్తాడన్నమాట. 2015 రథయాత్రకు నాన్నతో వెళ్లాను. రథం మీద నిలబడ్డ దైతాపతుల్ని, అంటే స్వామి సేవకుల్ని, చూపించి నాన్న, "వీళ్లంతా స్వామికి పది రోజులు మైల పట్టినవాళ్లురా. గుండ్లు చేయించుకుని, మార్కండేయ పుష్కరిణిలో స్నానం చేసి శుద్ధి అయ్యారు" అన్నారు. దైతాపతులు విశ్వావసు అనే సవర గిరిజన నాయకుడి వంశమని చెబుతారు. మా గజపతి జిల్లా కొండల్లో ఉన్నదీ ఆ సవరలే. స్వామికి దైతాపతులు పూజారుల కంటే ముందు చుట్టాలు.

అప్పుడు విని ఊరుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తోంది. స్వామి పోలేదని వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? బ్రహ్మపదార్థాన్ని మార్చింది వాళ్ల చేతులే. అయినా తల గొరిగించుకున్నారు. దేహి నిత్యుడే, కాదనను. కానీ ఇన్నాళ్లూ సేవ చేసింది, నీళ్లు పోసింది, పట్టు చుట్టింది ఆ పాత దేహానికే కదా. దానికి ఇవ్వాల్సిన మర్యాద దానికి ఇచ్చారు.

శ్లోకం మీద నా కోపం అక్కడ తగ్గింది. కృష్ణుడు బట్ట మారుతుందన్నాడు, పాతబట్టకు విలువ లేదనలేదు. మా ఇంట్లో నాన్న పంచెలు ఏ రోజూ పారేసింది లేదు. ఉతికి ఉతికి మెత్తబడ్డాక అమ్మ వాటిని నాలుగు చెరగులుగా చింపి, మా అమ్మాయి పుట్టినప్పుడు పొత్తిగుడ్డలు చేసింది. జీర్ణవస్త్రం అంటే నాకు గుర్తొచ్చేది ఆ మెత్తదనమే.

ఒక్క విషయంలో మాత్రం నేను పెద్దల మాట వినలేదు. పదోరోజు మేనత్తలు అమ్మ గాజులు, బొట్టు తీయించాలని కూర్చున్నారు. నా గుండుకు గడువుంది, మూడు నెలల్లో జుట్టొస్తుంది. ఆడదాని గుర్తుకు గడువే లేకపోతే అది దుఃఖానికి గుర్తు ఎలా అవుతుంది? అది శిక్ష. 2022 మేలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ, భర్త పోయినవాళ్ల గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం మానేయాలని తీర్మానం చేసింది. ఆ ఊరివాళ్లకు ఇక్కడినుంచే దణ్ణం పెడతాను. "లోకం ఏమనుకుంటుందిరా" అని పెద్దత్త ఏడ్చింది. అమ్మనే అడగమన్నాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, బొట్టు అలాగే ఉంచుకుని, తల్లో పూలు మాత్రం తీసి నాన్న ఫొటో దగ్గర పెట్టింది. ఏడాదిపాటు పెట్టుకోనంది. సంవత్సరీకం మాఘమాసంలో వస్తుంది. పెరట్లో కనకాంబరం మొక్కలకు రోజూ నీళ్లు పోస్తూనే ఉంది.