లైవ్ క్లాసులో ఏది చెప్పాలి, రికార్డింగులో ఏది చెప్పాలి

విజయనగరం నుంచి బీకాం విద్యార్థులకు ఆన్‌లైన్‌లో అకౌంటెన్సీ చెబుతున్న నన్ను, లైవ్ క్లాసు మేలా, రికార్డు చేసిన పాఠం మేలా అని తోటి అధ్యాపకులు తరచుగా అడుగుతూ ఉంటారు. ఆ రూపంలో అడిగినంతకాలం దానికి జవాబు దొరకదని నా అభిప్రాయం. సిలబస్‌లో ఏ ముక్కకు ఎదుట మనిషి ఉండి తీరాలో ముందు తేల్చుకుంటే, మిగిలినదంతా నిశ్చింతగా రికార్డింగుకు వదిలేయవచ్చు.

బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికనే తీసుకుందాం. మనం రాసుకునే నగదు పుస్తకం నిల్వకూ బ్యాంకు ఇచ్చే పాస్‌బుక్ నిల్వకూ తేడా ఎందుకు వస్తుంది, పట్టిక నమూనా ఎలా ఉంటుంది అన్నవి ఏ ఏడు చెప్పినా మారని విషయాలు కనుక వాటికి చిన్న వీడియోలు చాలు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల మీద పరిశోధకుడు ఫిలిప్ గువో బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వీడియో ఎంత పొడుగున్నా విద్యార్థులు చూసే సమయపు మధ్యగతం ఆరు నిమిషాలు దాటలేదు. గంటసేపటి ఉపన్యాసాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించేసేవారు ఈ సంగతి గమనించాలి. అయితే, "జారీ చేసిన చెక్కు ఇంకా చెల్లింపుకు రాలేదు" అన్న అంశం దగ్గరకు వచ్చేసరికి, నగదు పుస్తకం నిల్వతో మొదలుపెట్టి పాస్‌బుక్ నిల్వకు చేరవలసిన విద్యార్థి ఆ మొత్తాన్ని కలపవలసింది పోయి తీసివేస్తాడు. "డబ్బు ఇచ్చేశాం కదా మాస్టారూ, తీసెయ్యాలి కదా" అంటాడు. ఆ మాట అనని బ్యాచ్ నాకింకా తగలలేదు. చెక్కు రాసినప్పుడే మన పుస్తకంలో తగ్గించేశామని, తగ్గించవలసింది బ్యాంకేనని వీడియోలో ఎన్నిసార్లు చెప్పినా ఆ పొరపాటు పోదు, "మన పుస్తకంలో ఎప్పుడు తగ్గించాం?" అని అడిగి, అతడు తనంతట తాను చెప్పేదాకా ఆగితే పోతుంది. అలా ఆగడం వీడియో వల్ల కాదు.

అలాగని అందరినీ రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టడం మా ప్రాంతంలో కుదిరే పని కాదు. పలాసలో జీడిపప్పు వ్యాపారుల దగ్గర పద్దులు రాస్తూ చదువుకునే కుర్రాడికి రాత్రి భోజనం తరువాతే తీరిక. ఇక తుపాను వస్తే ఉద్దానంలో కరెంటు, సిగ్నలు రెండూ ఎప్పుడు తిరిగి వస్తాయో చెప్పలేమని 2018లో తిత్లీ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అటువంటివారికి ముందే ఫోన్‌లో దించుకున్న పాఠమే దిక్కు.

కానీ "ఎవరి వీలును బట్టి వారు" అన్నదానికి కూడా గడువు ఉండాలి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల్లో పాఠం ఎప్పుడు చూసినా, వారంవారం అసైన్‌మెంట్లకు ఆఖరు తేదీ ఉంటుంది. వాటికి 25 శాతం, పరీక్షకు 75 శాతం మార్కులు. నేనూ అదే దారిలో, లైవ్ క్లాసుకు ముందురోజు రాత్రిలోగా ఒక లెక్క చేసి, కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమంటాను. ఎక్కువమంది ఎక్కడ తడబడ్డారో ఆ ఫోటోల్లోనే తెలిసిపోతుంది కాబట్టి, మరునాటి క్లాసు సరిగ్గా అక్కడ మొదలవుతుంది.

ఆ లైవ్ క్లాసును మాత్రం నేను రికార్డు చేయను. దీని మీద నాతో వాదించేవారు ఉన్నారు, వారి వాదనలో న్యాయమూ ఉంది. అయితే రికార్డింగు వస్తుందని తెలిస్తే, రాగలిగినవారు కూడా తరువాత చూద్దాంలే అనుకుంటారు. తప్పు చెప్పడానికి వెనుకాడే పిల్లలు అసలు నోరు విప్పరు. రాలేకపోయినవారికి ఆ రోజు చేసిన లెక్కను, ఎక్కువమంది పొరబడిన మెట్టు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, గ్రూపులో ఉంచుతాను.