మోర్టార్ గన్‌తో పాయింటింగ్: మాలు కుదిరితేనే పని

గోడ సందుల్లో పాత మాలు రాలిపోయినప్పుడు వాటిని కొత్త మాలుతో నింపే పాయింటింగ్‌కు మోర్టార్ గన్ వాడవచ్చా అని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఒక్కటే: నిస్సందేహంగా వాడవచ్చు, అయితే అది మాలును సందు లోతుకు చేరవేసే పనిముట్టే గాని అక్కడ దాన్ని అదిమి గట్టిపరచే పనిముట్టు కాదు. ఈ తేడా తెలియక గన్ చేతికి రాగానే తాపీని పక్కన పెట్టేసినవారి గోడలు చూడగానే తెలిసిపోతాయి.

చేతితో నొక్కే గన్‌లో పెద్ద యంత్రాంగమేమీ ఉండదు. మాలు నింపే లావాటి గొట్టం, ట్రిగ్గర్ నొక్కిన కొద్దీ ముందుకు జరిగే పిస్టన్, ముందర ఒక నాజిల్, అంతే. సిలికాన్ వేసే గన్ వాడినవారికి ఇది కొత్తగా అనిపించదు. బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి గాని, కొద్దిపాటి పనికి చేతి గన్ చాలు.

గన్ మొరాయించిందని తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం మాలులోనే ఉంటుంది. తాపీతో వేసే గట్టి మాలునే గొట్టంలో నింపి నొక్కితే, ఆ ఒత్తిడికి నీరు, దానితోపాటు కొంత సిమెంటు పాలు ముందుగా కారిపోయి, వెనక మిగిలిన ఇసుక గింజలు ఒకదానికొకటి బిగుసుకుని నాజిల్ మూతి దగ్గర బిరడాలా దిగబడిపోతాయి. అప్పుడు ట్రిగ్గర్‌ను ఎంత బలంగా నొక్కితే ఆ ముద్ద అంత గట్టిపడుతుంది. నాజిల్ విప్పి, పుల్లతో పొడిచి, కడిగి మళ్లీ మొదలుపెట్టడం తప్ప వేరే దారి లేదు.

దీనికి అందరికీ ముందుగా తోచే విరుగుడు మరిన్ని నీళ్లు పోయడం. మాలు జారుతుంది, నిజమే. కానీ అవసరానికి మించి పోసిన నీరు తర్వాత ఆరిపోయేటప్పుడు మాలు కుంచించుకుపోయి, సందు అంచుల వెంట వెంట్రుకవాసి పగుళ్లు పడి, మనం ఆపాలనుకున్న వాననీరే ఆ దారిన లోపలికి దిగుతుంది. కాబట్టి జారుడును నీటితో కాకుండా ఇసుకతోనూ సున్నంతోనూ తెచ్చుకోవాలి. ఇసుకను సన్నని జల్లెడ పట్టి నాజిల్‌కు అడ్డుపడే గింజలన్నీ తీసివేయాలి, అలాగని దుమ్ములాంటి ఇసుక వాడితే అది నీరు ఎక్కువగా తాగుతుంది గనుక మళ్లీ పగుళ్ల దగ్గరికే వస్తాం. ఒక పాలు సిమెంటుకు ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక, అంటే 1:1:6గా కలిపిన మాలు మామూలు ఇటుక గోడకు సరిపోతుంది, గన్‌లోనూ హాయిగా సాగుతుంది. ఆ మెత్తదనమంతా సున్నం చలవే.

కేవలం సున్నంతో కట్టిన పాత గోడలైతే సిమెంటు జోలికే పోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. సందులోని మాలు ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగానే ఉండాలి. గట్టి సిమెంటుతో సందులు మూసేస్తే గోడలోని తేమ ఇటుక గుండానే బయటికి రావలసి వస్తుంది, అది మోసుకొచ్చిన లవణాలు పేరుకుని కొంతకాలానికి ఇటుక ముఖం పొరలుగా ఊడిపోతుంది. గన్‌తో పని వేగం పెరిగిన కొద్దీ ఈ నష్టం కూడా అంతే వేగంగా గోడంతా పాకుతుంది.

నింపేముందు సందును కనీసం 20 మిల్లీమీటర్ల లోతుకు, లేదా సందు వెడల్పుకు రెట్టింపు లోతుకు, ఏది ఎక్కువైతే అంతవరకు గీకి, దుమ్ము దులిపి, తడపాలి. తడి ఉండాలి గాని లోపల నీళ్లు నిలవకూడదు.

నాజిల్ వెడల్పు సందు కన్నా కాస్త తక్కువగా ఉండాలి, ఎందుకంటే దాని మూతి సందు అడుగుకు తగిలేలా పెట్టి, వచ్చే మాలు తనంతట తానే నాజిల్‌ను వెనక్కి నెడుతున్నట్టుగా చేతిని జరుపుకుంటూ రావాలి. మూతిని పైపైన ఆనించి నొక్కితే ముందు నిండినట్టు కనిపిస్తుంది, వెనక మాత్రం గాలి మిగిలిపోతుంది. సందు మరీ లోతుగా ఉంటే ఒకేసారి నింపకుండా, సుమారు 10 మిల్లీమీటర్ల పొరలుగా, కింది పొర కొంచెం బిగిసిన తర్వాత పైపొర వేసుకుంటూ రావాలి.

గన్ అసలైన విలువ నా దృష్టిలో రాతి గోడల దగ్గరే తెలుస్తుంది. వంకరటింకర సందుల్లోకి తాపీ దూరదు, దూరినా సగం మాలు నేలపాలవుతుంది, మిగతాది రాతి ముఖానికి అంటి మరకవుతుంది. పెద్ద ఖాళీలున్న చోట మాలు ఒక్కటే కూరితే కుంగి పగులుతుంది గనుక, ముందు కొంత మాలు వేసి, అందులోకి రాతి ముక్కలు దిగగొట్టి, చుట్టూ మళ్లీ గన్‌తో నింపాలి.

నింపిన తర్వాత, బొటనవేలితో నొక్కితే ముద్ర పడుతూ మాలు వేలికి అంటని స్థితి కోసం వేచి ఉండి, సందులో పట్టే సన్నని ఇనుప పట్టీతో బలంగా అదమాలి. గన్‌తో వేసిన మాలు ఇటుక అంచులను గట్టిగా కరుచుకునేది ఈ ఒత్తిడితోనే. అంచులకు అంటినదాన్ని అప్పుడే తడిగుడ్డతో తుడిస్తే సిమెంటు పాలు గోడంతా పులుముకుంటుంది. కాసేపు ఆగి పొడి బ్రష్‌తో దులిపితే మరక లేకుండా పోతుంది. సిమెంటు కలిసిన మాలైతే కనీసం వారం రోజులు తడి ఆరకుండా, ఎండ తగిలే గోడనైతే తడి గోనెపట్టాలు కప్పి కాపాడాలి.

పని మధ్యలో పది నిమిషాలు ఆపవలసి వచ్చినా నాజిల్‌ను నీళ్ల బకెట్‌లో ముంచి ఉంచడం మంచిది. పని ముగియగానే గొట్టం, పిస్టన్, నాజిల్ మూడూ విడదీసి కడగాలి, ముఖ్యంగా పిస్టన్ వాషర్ వెనక చేరిన మాలును వదలకుండా తీసేయాలి, ఎందుకంటే అక్కడ గట్టిపడిన ఇసుక తర్వాతిసారి గొట్టం లోపలి గోడను గీరి, మాలును ముందుకు కాకుండా వెనక్కి కార్చడం మొదలుపెడుతుంది.