పేరు రిజిస్టర్లో, పిల్ల పత్తి చేలో

బడి బయటి పిల్లల సర్వేలో అసలు పేరే ఎక్కని పిల్లలు ఎలాగోలా దొరుకుతారు. దొరకనిది హాజరు పట్టీలో పేరుండి బడికి రాని పిల్ల. అందుకే ఇల్లిల్లూ తిరిగే ముందు ఆ పట్టీ తీసి చూడాలి.

రెండు నెలల పేజీలు పక్కపక్కన పెట్టండి. మొత్తం ఎన్ని రోజులు రాలేదన్నది అంత ముఖ్యం కాదు, ఏయే రోజులు రాలేదన్నదే చూడాలి. ప్రతి సంతరోజూ గైర్హాజరైతే అమ్మానాన్నలకు తోడెళ్తుండొచ్చు, ఇంట్లో చంటిపిల్లను చూసుకుంటుండొచ్చు. ఆడపిల్ల ప్రతినెలా మూడు నాలుగు రోజులు రాకపోతే ముందు బడి మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయేమో చూడండి. గద్వాల, కర్నూలు వైపు విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ మొదలైందంటే పిల్లలు గుంపుగా మానేస్తారు. సాయంత్రం మొగ్గ వలిచి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. సరిగ్గా బడి గంట కొట్టే వేళకు చేతినిండా పని.

నెలో నెలన్నరో వరుసగా రాకపోతేనే ‘బడి బయట’ అని రాసుకునే పద్ధతిలో ఒక కంత ఉంది. మధ్యలో ఒక్కరోజు వచ్చి కూర్చుంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. అంతదాకా ఆగకుండా మూడో రోజే ఫోను చేయాలి, వారం దాటితే ఇంటికెళ్లాలి.

ఇంటికెళ్లినప్పుడు ‘బడికెళ్లే పిల్లలున్నారా?’ అని అడగొద్దు. లేరంటారు, అది నిజమే. ‘రాత్రి ఈ ఇంట్లో ఎంతమంది పడుకుంటారు?’ అని అడిగితే మంచంపట్టిన పిల్లాడు, పనికి కుదిరిన మేనకోడలు లెక్కలోకి వస్తారు. పిల్లకు వైకల్యం ఉంటే మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచేది) చెప్పండి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ‘వలస వెళ్లారు’ అని రాసి పేరు కొట్టేయడం. ఇటుక బట్టీకి అడ్వాన్సు ముట్టిందంటే కుటుంబం బయల్దేరడం ఖాయం. వెళ్లకముందే ఏ మండలం, ఏ బట్టీ, మేస్త్రీ ఫోను నంబరు ఏంటి అన్నవి రాసుకోవాలి. బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో పాత బడి పిల్లను డ్రాప్‌బాక్సులోకి, అంటే బడి వదిలినవాళ్ల జాబితాలోకి పంపేస్తుంది. కొత్త బడి పెన్ నంబరుతో (ప్రతి విద్యార్థికీ ఉండే శాశ్వత సంఖ్య) అక్కణ్నుంచి తీసుకునేదాకా ఆ పిల్ల ఎవరి లెక్కలోనూ ఉండదు. టీసీ ఇచ్చాం కదా అని ఊరుకోకుండా, ‘తరగతిలో కూర్చుంది’ అని అక్కడి హెచ్ఎం నోట విన్నాకే ఆ కేసు మూసేయండి.

అక్కడి బడివాళ్లు పిల్లను చేర్చుకోబోమంటే విద్యాహక్కు చట్టం, 2009 చూపించండి. టీసీ రావడం ఆలస్యమైందని (సెక్షన్ 5), వయసు రుజువు లేదని (14), గడువు దాటిందని (15) పిల్లను వెనక్కి పంపకూడదు. నోటిమాటగా వాదించేకంటే సెక్షన్ నంబర్లతో కాగితం రాసిచ్చి, ఒక కాపీ ఎంఈవోకు (మండల విద్యాధికారి) ఇవ్వడం మేలు.

చేర్చాక ఎక్కువగా చెడేది తరగతి దగ్గర. పదకొండేళ్లవాణ్ని రెండో తరగతిలో కూర్చోబెడితే వారం తిరక్కుండా మాయమవుతాడు, వాడి తప్పేం లేదు. సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చాలి. వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో అది కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 2 ఏళ్లు. 14 నిండినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితమే.

మొదటిరోజు పెద్ద పరీక్షలేం వద్దు. అక్షరం, పదం, చిన్న పేరా చదివించండి, ఒక రెండంకెల తీసివేత చేయించండి. ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు తెలుగు చదవలేకపోతే చదువు రాదని తేల్చేయకండి, ఒడియాలో రాయించి చూడండి. శిక్షణ వేరే గదిలో జరిగినా భోజనం, ఆటలు మాత్రం సొంత తరగతితోనే ఉండాలి. స్నేహితుడు దొరికితే రేపు మళ్లీ వస్తాడు.

తమ్ముణ్నో చెల్లెల్నో ఎత్తుకు తిరిగే పిల్లయితే ఆ చంటిదానికి అంగన్‌వాడీలో చోటు చూడందే అక్క బడిలో నిలవదు. ఇక సంక్రాంతి సెలవులయ్యాక మొదటి వారం వీళ్ల హాజరు రోజూ చూడండి. ఊరెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయేది అప్పుడే.