గుమస్తానా, అకౌంటెంటా?

హన్మకొండలో హార్డ్‌వేర్ షాపు లెక్కలు చూసుడు నా పని. కార్డు మీద అకౌంటెంట్, సేటు నోట్లో మాత్రం 'మా గుమస్తా'. నిన్న పెళ్లిచూపుల్లో అమ్మాయి మేనమామ "సీఏనా బాబూ, అంటే చార్టర్డ్ అకౌంటెంటా?" అన్నారు. "కాదండీ. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, బ్యాంకు లెక్కతో సరిచూడటం, నెల నెలా 11వ తేదీలోపు అమ్మకాల జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1, 20లోపు పన్ను కట్టే రిటర్ను 3బీ" అన్నా.

"అంటే టైపింగా?"

ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టేది సీఏనే, ఒప్పుకుంటా. కానీ టైపింగా! మొన్న 18 రూపాయల తేడా వచ్చింది. తేడాను 9తో భాగిస్తే శేషం రాకపోతే అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు అనుమానించాలి. రాత్రి పదింటికి దొరికింది: మేకుల బిల్లు 735ని 753 అని కొట్టారు. కొట్టింది నేనే, ఆ సంగతి మేనమామగారికి చెప్పలేదు. చాయ్ మాత్రం చల్లారిపోయింది.