బుల్లెట్ వెనక బ్రేకు పట్టకపోతే వెంటనే షూస్ కొనకండి

పాత బుల్లెట్ వెనక బ్రేకు సరిగ్గా పట్టడం లేదని ఎవరైనా అంటే నేను మొదట చక్రం చూడమంటాను. కారణముంది. మన పాత త్రీఫిఫ్టీల్లో, అంటే 350 సీసీ బుల్లెట్లలో, చైన్ తిరిగే పళ్లచక్రం (స్ప్రాకెట్), బ్రేకు డ్రమ్ము రెండూ ఒకే ముక్క. ఆ ముక్క రబ్బర్ల ఆసరాతో చక్రం మధ్యలోని హబ్‌లో కూర్చుంటుంది. హబ్ బేరింగుల మీద, బేరింగులు యాక్సిల్ (ఇరుసు) మీద. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా అది తెలిసేది బ్రేకు పెడల్ దగ్గరే. పెడల్ దగ్గర తెలిసింది కదా అని అందరం షూస్ మీద, అంటే డ్రమ్ముకి లోపలినుంచి ఆని చక్రాన్ని ఆపే ముక్కల మీద పడతాం.

మాది 1984 మోడల్, నాన్న కొన్న బండి. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తిరుపతి ఊళ్లో తిరిగినంతసేపూ వెనక బ్రేకు ఎలా ఉందో పెద్దగా తెలియదు, ట్రాఫిక్కులో స్పీడే ఉండదు. శ్రీనివాస మంగాపురం, రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కి పీలేరు పోయి, తిరిగి దిగేటప్పుడు తెలుస్తుంది. పోయిన వేసవిలో మా ఆవిడ వెనక కూర్చుని ఉండగా ఆ మలుపుల్లో బ్రేకు ఒకసారి ఉన్నట్టుండి పట్టేసింది, తర్వాతి మలుపులో ఎంత తొక్కినా జారింది. పైగా కీచుమని ఒకటే మోత. "ఏందండీ ఈ సౌండు? ముందు నిలబెట్టండి" అంది. పక్కకు ఆపి చేయి దగ్గర పెడితే వెనక డ్రమ్ము సెగలు కక్కుతోంది.

"షూ ఏసేస్తే సరిపోతాది సార్" అన్నాడు మెకానిక్. షూస్ మారాయి. కీచు తగ్గింది, పట్టు మాత్రం అలాగే ఉంది. దాంతో ఆదివారం ఇంటిముందు నేనే విప్పాను.

విప్పకముందే చూడాల్సినవి కొన్నున్నాయి. సెంటర్ స్టాండ్ వేసి టైరు పైనా కిందా పట్టుకుని అడ్డంగా ఊపండి. చక్రం ఒక్కటే టక్కుమంటే బేరింగ్ కావచ్చు, వదులైన యాక్సిల్ నట్టు కావచ్చు. చక్రాన్ని పట్టుకునే వెనక ఫోర్కుతో (స్వింగ్ ఆర్మ్) సహా ఊగితే దాని బుష్ అరిగినట్టు. తర్వాత చక్రం తిప్పి చక్రం దగ్గర రాడ్డు తగిలించి ఉండే బ్రేకు లివర్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. రాపిడి చప్పుడు చుట్టంతా ఒకేలా వినిపిస్తే మంచిదే. ప్రతి చుట్టులో ఒకే చోట వచ్చి పోతుంటే డ్రమ్ము గుండ్రం తప్పిందన్నమాట, దాన్ని లేత్ మీద కొద్దిగా తీయించాలి. లేత్‌కి పంపేముందు స్ప్రాకెట్ పళ్లు చూసుకోండి. పళ్లు కొక్కేల్లా వంగిపోయి ఉంటే ఆ ఖర్చు దండగ, ఎలాగూ మొత్తం ముక్క మార్చాల్సిందే.

మా బండిలో డ్రమ్ము బాగానే ఉంది. చక్రం మాత్రం కొంచెం టక్కుమంది.

చక్రం తీసి షూస్ బిగించి ఉండే బ్రేకు ప్లేటు చేతిలోకి తీసుకుని షూస్‌ని వెలుతురులో తిప్పి చూశాను. కొత్త లైనింగే (షూ మీది రాపిడి పొర) కదా, బయటి అంచు అప్పుడే నల్లగా నున్నగా మెరుస్తోంది. లోపలి అంచున ఫ్యాక్టరీలో రుద్దిన గీతలు కూడా చెరగలేదు. అంటే షూ వెడల్పంతా డ్రమ్ముకి ఆనడం లేదు, ప్లేటే వాలి కూర్చుంటోంది. యాక్సిల్ మీదున్న సామాను ఒక్కొక్కటే తీసి వరసగా పాత పేపరు మీద పెట్టాను. ప్లేటు పక్కన ఎడం సరిగ్గా ఉంచే గొట్టం ముక్క, అదే స్పేసర్, లేదు. ఎప్పుడో ఎవరో దాని బదులు నాలుగు వాషర్లు పేర్చారు. అందులో ఒకటి వంకర. నట్టు బిగించినప్పుడల్లా ప్లేటు ఆ వంకర వైపు ఒరిగేది, బ్రేకు తొక్కినప్పుడు ఇంకాస్త కదిలేది. ఒకసారి పట్టేయడం, ఒకసారి జారడం దానివల్లే. ఇలాంటి వాషర్ల పని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. రెండు ప్రాణాలు ఆ యాక్సిల్ మీద కూర్చుని ఘాట్ దిగుతాయి.

అదే మోడల్ ఉన్న స్నేహితుడి బండి నుంచి స్పేసర్ తీసి కొలతకిస్తే, రేణిగుంట రోడ్డులో లేత్ షాపాయన మధ్యాహ్నానికల్లా ఒకటి తిప్పి ఇచ్చాడు.

బిగించేటప్పుడు, లివర్‌తో తిరిగి షూస్‌ని విప్పార్చే క్యామ్‌కి గోరంత గ్రీజు చాలు. ఎక్కువైతే వేడికి కరిగి లైనింగ్ మీదకి పాకుతుంది, ఆ షూస్ ఇక పనికిరావు. చైన్ టైటు ముందే చూసుకోవాలి. చైన్ కోసం చక్రం వెనక్కి జరిపితే పెడల్ నుంచి లివర్‌కి వచ్చే బ్రేకు రాడ్డు కూడా బిగుసుకుంటుంది, ఆ మేరకు రాడ్డు నట్టు వదలాలి. వదలకపోతే షూస్ డ్రమ్ముని రాసుకుంటూనే తిరుగుతాయి. చక్రం జరిపేముందు ప్లేటుని ఫోర్కుకి పట్టి ఉంచే యాంకర్ నట్టు వదులు చేయడం మరిచిపోకండి. ఆఖరున యాక్సిల్ నట్టు, యాంకర్ నట్టు కాస్త వదులుగా ఉండగానే మావాడు పెడల్‌ని గట్టిగా నొక్కి పట్టుకున్నాడు, నేను అలాగే రెండూ బిగించాను. అప్పుడు రెండు షూస్ డ్రమ్ముకి ఆని ప్లేటుని తమంతట తామే మధ్యకు తెస్తాయి. రెండు నిమిషాల పని, చాలా షెడ్లలో ఎవరూ చేయరు.

బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు రాడ్డుకీ లివర్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గర్లో ఉండాలి. బాగా దాటిపోతే తొక్కిన బలంలో చాలా భాగం వృథా. అరిగిన షూస్‌తోనే నెట్టుకొద్దామని లివర్‌ని వెనక్కి తిప్పి బిగించేవాళ్లున్నారు. అది మరీ ప్రమాదం. క్యామ్ అడ్డం తిరిగి ఇరుక్కుంటే చక్రం లాక్ అయిపోతుంది.

డ్రమ్ములోని దుమ్ముని దయచేసి నోటితో గానీ గాలి గొట్టంతో గానీ ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

తర్వాత పీలేరు పోయి వస్తూ సెకండ్ గేర్లో అదే ఘాట్ దిగాం. పెడల్ ఎంత తొక్కితే అంతే పట్టింది, మోత లేదు. షూస్ డ్రమ్ముకి సర్దుకున్నాక రాడ్డు నట్టు ఒకసారి మళ్లీ చూసుకోవాలి, అదీ అయింది.

ఇక డ్రమ్ రబ్బర్లు మిగిలాయి. గేర్లో పెట్టి చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదిపితే స్ప్రాకెట్ కదలకుండానే చక్రం కొంత తిరుగుతోంది, రబ్బర్లు నలిగినట్టే. పనిమీద చెన్నై వెళ్తున్న స్నేహితుడు పాత బండ్ల విడిభాగాలు దొరికే పుదుపేటలో వెతికి, సప్తగిరి రైల్లో వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. అవి ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు వాడండి. ఆయిల్, గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పాడైపోతుంది.