పలకల ఫ్యాక్టరీ దెయ్యం: వెండితెర నవల పని ఎక్కడిదాకా వచ్చింది

'పలకల ఫ్యాక్టరీ దెయ్యం' సినిమాను నవలగా రాస్తున్నాం. 31 అధ్యాయాల్లో 19 చిత్తుప్రతి అయ్యాయి. లెక్కకు 27 వేల మాటలు దాటాయి, 45 వేల దగ్గర ఆపాలి. ఇంగ్లీషులో ఇలాంటి నవలలు 60 నుంచి 80 వేల మాటలుంటాయి గానీ, తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే కథకు తక్కువ మాటలు చాలు. డెమీ 1/8 సైజులో (ఎత్తు 8.5 అంగుళాలు) పేజీకి 210 మాటల చొప్పున 214 పేజీలు, ముందు పేజీలు కలిపితే 224. అంటే 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయి మడతపడే కట్టలు) సరిగ్గా 14. ఒక్క పేజీ పెరిగినా ఇంకో ఫారం పడుతుంది.

కథ మార్కాపురం పక్క ఒక పలకల ఫ్యాక్టరీలో నడుస్తుంది. చనిపోయిన కార్మికుడి చేతిరాత తెల్లారేసరికి కొత్త పలకల మీద కనబడుతుంటుంది. చట్రాలు బిగించే అమ్మాయి దాని గుట్టు తేలుస్తుంది.

హక్కుల కాగితం ముందే అయిపోయింది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాత. కథ మీద రచయిత హక్కు వేరు, కాబట్టి ఇద్దరి సంతకాలూ ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం అనుకుంటుంది. అందుకే రెండూ రాయించాం. పాటల సాహిత్యం మన కాగితంలోకి రాలేదు గనుక నవలలో పాట ఒక్క చరణం కూడా ఉండదు.

స్క్రిప్టు 112 పేజీలు, 96 సీన్లు. సీనుకో వరుస చొప్పున పెద్ద పట్టిక వేశాం: ఎక్కడ, ఏ పూట, ఎవరున్నారు, ఎవరికి ఎంత తెలుసు, ప్రేక్షకుడికి ఎంత తెలుసు, ఏ వెలుగు, ఏ చప్పుడు. పక్కన ఇంకో గడి: ఎడిటింగులో మిగిలిందా, పోయిందా. షూటింగు స్క్రిప్టు ఒక్కటే చూసి రాస్తే తెర మీద లేని సీను నవలలో కథ మలుపై కూర్చుంటుంది. ఎడిట్ ఖాయమైన కాపీతో సరిచూసుకున్నాకే అధ్యాయాలు విడగొట్టాలి.

అసలు కష్టం దాచడంలో ఉంది. తెర మీద ఫ్యాక్టరీ మేస్త్రీ ముఖం గంటన్నర సేపు నీడలోనే ఉంటుంది, కెమెరా చూపలేదంతే. అక్షరంలో ఆ నీడ లేదు. మేస్త్రీ మనసులోకి వెళ్లి, అతనికి తెలిసిన ముఖ్యమైన విషయం ఒక్కటీ చెప్పకుండా బయటికొస్తే అది పాఠకుణ్ణి మోసం చెయ్యడమే. అందుకే కథ మొత్తం ఆ అమ్మాయి కంటితోనూ, కాపలా తాత కంటితోనూ నడుపుతున్నాం. మేస్త్రీ చేసే పనులు కనబడాలి, మాటలు వినబడాలి, ఆలోచన మాత్రం ఒక్క వాక్యం కూడా రాకూడదు. ప్రతి ఆధారం చివరి అధ్యాయానికి ముందు కనీసం మూడుసార్లు రావాలి. మొదటిసారి వేరే పని చేస్తున్న వస్తువులా రావాలి.

ఉలిక్కిపడే చోట్లు ఏడున్నాయి. తెర మీద ఆ పని చేసేది హఠాత్తుగా పెరిగే శబ్దం. కాగితం మీద 'ధడేల్‌మని' అని రాస్తే ఎవరికీ గుండె ఆగదు. దానికి బదులు ముందే ఒక నియమం నేర్పి, తర్వాత దాన్ని విరగ్గొట్టాలి. మంచి పలకను వేలితో తడితే ఖంగుమంటుంది, లోపల బీట ఉంటే మొద్దుగా మోగుతుంది. కార్మికులు పలకల్ని తట్టి ఏరడం 2వ అధ్యాయంలో తీరిగ్గా చూపించాం. 14వ అధ్యాయంలో బీట ఎక్కడా లేని పలక మొద్దుగా మోగుతుంది. సంగీతం అక్కర్లేదు.

పాఠకుడు వెనక్కి తిప్పి చూస్తాడు కాబట్టి చిన్న తప్పులు కూడా పట్టుబడతాయి. సినిమాలో నెల్లాళ్లు ఎండలో పడున్న రాతిని ఉలితో పల్చగా చీలుస్తారు. క్వారీ తడి ఆరితే రాయి అంత శుభ్రంగా చీలదు, అందుకని నవలలో ఆ పొద్దున తీసిన రాయిగా మార్చాం. వెన్నెల సంగతీ అంతే. 41వ సీను పౌర్ణమి, మూడు రాత్రుల తర్వాత 47వ సీను కటిక చీకటి. పౌర్ణమి దాటాక చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఆ లెక్కన మూడో రాత్రి ఎనిమిదింటికి చీకటే, పదింటికి కాదు. సీను ఎనిమిదింటికి జరిపితే సరిపోయింది.

సంభాషణలు స్క్రిప్టులో ఏ ఊరివీ కాని మాటల్లో ఉన్నాయి. "ఇంత రాత్రి ఎక్కడికి వెళుతున్నావు?" అన్న తాత ఇప్పుడు "ఏందమ్మే, ఇంత రాత్రప్పుడు యాడికి పోతన్నావు?" అంటాడు. కథనంలో మాత్రం యాస పెట్టట్లేదు. రెండూ కలిస్తే ఎవరి గొంతు ఎవరిదో తెలియదు.

టైపింగంతా యూనికోడ్‌లోనే. ఒంగోలులో పేజీలు పెట్టేది పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అనూ ఫాంట్లతో. మార్పిడిలో సున్నాలు, వత్తులు, ఇంగ్లీషు మాటల పొల్లులు చెదురుతాయి గనుక మార్చాక ఒక ప్రూఫు, పేజీ పెట్టాక ఇంకొకటి.

అట్టకు సినిమా ఫ్రేము పనికిరాదు. 1920x1080 ఫ్రేములో నిలువు ముక్క కోస్తే ఎత్తు 1080 పిక్సెళ్లే, 8.5 అంగుళాల అట్ట మీద అంగుళానికి 127 చుక్కలే పడతాయి. కావలసింది 300. యూనిట్ స్టిల్ ఫొటోగ్రాఫర్ తీసిన అసలు ఫైళ్లు అడిగాం. అవి వచ్చేలోగా 20వ అధ్యాయం, ఆ వెంటనే తాత కంటితో నడిచే మూడు అధ్యాయాలు.