ఆ పిల్ల అతన్ని ఏమని పిలుస్తుంది?

మా కాలనీ లైబ్రరీలో ఒక మూకీ సినిమా వేద్దాం, మధ్యమధ్యలో తెర మీద మాటలు చూపించే ఇంగ్లీషు కార్డులకి తెలుగు నేను రాస్తానని నోరు జారాను. 1928లో వచ్చిన 'లాఫ్, క్లౌన్, లాఫ్'. హెర్బర్ట్ బ్రెనన్ తీశాడు, లాన్ చానీ హీరో. మాటల్లేని సినిమాకి అనువాదం ఎంతసేపు, రెండు ఆదివారాలు చాలనుకున్నా. ఆరు వారాలు పట్టింది.

కథ ఇటలీలో జరుగుతుంది. ఊరూరా తిరిగి జనాన్ని నవ్వించే టిటోకి ఏటి ఒడ్డున ఎవరో వదిలేసిన ఆడపిల్ల దొరుకుతుంది. తెచ్చి పెంచుకుంటాడు. జతగాడు సైమన్ సణుగుతుంటే, అతని పేరు కలిసొచ్చేలా సిమొనెట్టా అని పిలుచుకుంటాడు. ఆ పిల్ల పెద్దదై తీగ మీద నడిచే ఆట నేర్చుకుంటుంది. టిటో మనసు అప్పుడు మారుతుంది. లుయీజీ అనే డబ్బున్న కుర్రాడూ ఆమెనే ఇష్టపడతాడు.

హక్కుల సంగతి తొందరగానే తేలింది. మన చట్టంలో సినిమాకి 60 ఏళ్లు, అవి ఎప్పుడో దాటిపోయాయి. అమెరికాలో కూడా 2024 నుంచి అందరిదీ అయింది. కానీ డీవీడీలో ఉన్న సంగీతం ఈమధ్య చేసింది, దాన్ని వాడకూడదు. సౌండ్ తీసేసి మా పెదనాన్నని హార్మోనియం పెట్టె దించమన్నాను. ఒకప్పుడు పద్యనాటకాలకి వాయించిన మనిషి.

మొదటి పేచీ 'క్లౌన్' దగ్గరే. విదూషకుడు అంటే సంస్కృత నాటకం వాసన. 'కేతిగాడు' నాకు భలే నచ్చింది. "తోలుబొమ్మలాటలో వాడికి రోమ్‌లో ఏం పనమ్మా?" అన్నాడు పెదనాన్న. చివరికి సర్కస్‌కెళ్లిన ప్రతివాడూ అనే 'బఫూన్' పెట్టాను. అది కూడా ఇంగ్లీషు నుంచి వచ్చిందే, కానీ ఎప్పుడో మనదైపోయింది.

రెండోది ఫాంటు. ఇంట్లో బాగానే కనిపించిన అక్షరాలు లైబ్రరీ లాప్‌టాప్‌లో ఊడిపోయాయి. 'ప్రేమిస్తున్నాను'లో వత్తులు విడిపోయి, మధ్యలో చుక్కల సున్నాలు వచ్చి కూర్చున్నాయి. గోడంత తెర మీద ఆ మాట అలా చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు ప్రతి కార్డునీ బొమ్మగా మార్చి వీడియోలోనే అతికించేశాను. కార్డు ఆరేడు సెకన్లే ఉంటుంది కాబట్టి, గట్టిగా చదువుతూ వాచీ చూసుకుంటూ మాటలు కోసుకుంటూ పోయాను.

అసలు చిక్కు పెదనాన్న అడిగాకే తెలిసింది. ఒక రాత్రి రిహార్సల్లో తిత్తి ఊదడం ఆపి, "అమ్మా, ఆ పిల్ల అతన్ని ఏమని పిలుస్తుంది?" అన్నాడు.

నేను 'నాన్నా' అని రాసి ఉన్నాను. ఇంగ్లీషు కార్డులో పేరు పెట్టి పిలుస్తుంది, 'యూ' అంటుంది, దాంతో సరిపోతుంది. తెలుగులో వరస తేలకుండా నోరు పెగలదు. 'నాన్నా' అంటే సగం సినిమాకే జనం లేచిపోతారు. 'మామా' అంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. మేనమామని చేసుకోవడం మన ఇళ్లలో చూసిందే. కానీ టిటో లోపల నలిగేది ఆ ఇబ్బందితోనే కదా, అది పోతే కథే పోయింది. 'మీరు' పెట్టి చూశాను, పరాయి మనిషితో మాట్లాడినట్టుంది. పైగా ఆ పిల్లగా వేసిన లొరెట్టా యంగ్ 1913లో పుట్టింది, షూటింగ్ నాటికి పద్నాలుగూ పదిహేనూ మధ్య. చానీ నలభై దాటినవాడు. అది తెలిసి చూస్తుంటే నాకూ కొన్ని చోట్ల ఒళ్లు జలదరించింది. దాన్ని అనువాదంలో కప్పెయ్యడం నా పని కాదనిపించింది. 'టిటో', 'నువ్వు' దగ్గర ఆగాను.

చానీ అమ్మానాన్నలిద్దరూ చెవిటివాళ్లు. ఇంట్లో చేతులతో, ముఖంతో మాట్లాడి పెరిగినవాడు. ఏడుపు ఆగని జబ్బుతో టిటో డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. ఫలానా ఫ్లిక్ అనే బఫూన్‌ని చూసిరా, నవ్వొస్తుందంటాడు డాక్టర్. ఆ ఫ్లిక్ ఇతనే. అక్కడ అతని ముఖం చూశాక నేను రాసిన కార్డు దండగనిపించి సగానికి కోశాను.

చివరికి మిగిలింది ఒక్క కార్డు. టిటో తనని ప్రేమిస్తున్నాడని తెలిశాక సిమొనెట్టా తనకీ ప్రేమేనని చెబుతుంది. అతను నమ్మడు. 'ప్రేమిస్తున్నాను' కొట్టేసి 'నువ్వంటే నాకిష్టం' అని రాశాను. నాన్నతో అయినా అంటాం, పెళ్లాడబోయేవాడితో అయినా అంటాం.

ఆట రోజు పాతికమంది వచ్చారు. ఇప్పుడు దొరుకుతున్న ప్రింటులో ఒక రీలు లేదు, అక్కడ కథ గంతేస్తే ఎవరూ పట్టించుకోలేదు. టిటో తీగ మీంచి పడినప్పుడు పెదనాన్న హార్మోనియం మెట్ల మీంచి వేళ్లు తీసేశాడు. ఫ్యాను చప్పుడు ఒక్కటే.

లైట్లేశాక వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్లు వాదన పెట్టుకున్నారు. "కన్నతండ్రి లాంటివాడని అలా అంది" అని ఒకావిడ. "కాదండీ, నిజంగానే అంది, ఆ ముసలాడికే ధైర్యం లేదు" అని ఇంకొకావిడ. కుర్చీలు సర్దేసి, ప్రొజెక్టర్ పెట్టెలో పెట్టి, గేటు దగ్గరికి వచ్చేసరికీ ఇంకా అక్కడే నిలబడి వాదించుకుంటున్నారు. నేను పలకరించకుండా స్కూటర్ తీశాను.